హార్మోనికా, గిటార్, శ్రుతి: పుదుచ్చేరి నేపథ్యంలో ఒక పరిశీలన

ఏటా జూన్ 21వ తేదీన వీధులలోను కూడళ్ళలోను ఎవరికి చేతనయిన వాద్యం వారు వాయించే సంగీతోత్సవం ఫ్రాన్సులో 1982లో మొదలయింది. ఫ్రెంచి పాలన 1954 నవంబరు 1న వాస్తవంగాను, 1962 ఆగస్టు 16న న్యాయరీత్యాను ముగిసినా, ఫ్రెంచి సంస్కృతితో సంబంధం తెంచుకోని పుదుచ్చేరికి ఆ వేడుక సహజంగానే చేరింది. అటువంటి వేడుకలలో గిటార్ పట్టుకున్నవాడు, జేబులోనుండి మౌత్ ఆర్గాన్ తీసేవాడు పక్కపక్కన నిలబడతారు. వాయించడానికి ముందు వారి మధ్య ఒక చిన్న సంభాషణ జరుగుతుంది: "ఏ కీ?" దక్షిణాది కచేరీకి ముందు ప్రక్కవాద్య విద్వాంసులు గాయకుణ్ణి అడిగే "శ్రుతి ఎంత?" అన్న ప్రశ్నకు ఇది వేరు కాదు. ఆ ప్రశ్నలో ఇమిడి ఉన్నది ఒక మర్యాద మాత్రమే కాదు. కలిసి వాయించేటప్పుడు ఎవరు స్థిరంగా ఉండాలి, ఎవరు కదలాలి అన్న నిర్ణయం కూడా అందులో ఉంది.

పది రంధ్రాల సామాన్య హార్మోనికా ఒకే స్థాయికి కట్టుబడిన వాద్యం. దానిలోని లోహపు రీడ్లను కర్మాగారంలోనే శ్రుతి చేస్తారు. సి హార్మోనికాను వేదికమీద డి గా మార్చడం సాధ్యం కాదు. అందుకే నిపుణులు పన్నెండు కీలకూ పన్నెండు హార్మోనికాలు పెట్టెలో వెంట తెచ్చుకుంటారు. గిటార్ సంగతి వేరు. దాని మెడమీద బిగించే కాపో అన్న చిన్న పట్టీ ఒక్కొక్క మెట్టు పైకి జరిగినప్పుడల్లా తంత్రులన్నీ ఒక్కొక్క అర్ధస్వరం హెచ్చుతాయి. ఈ పదం ఇటాలియన్ కాపోతాస్తో నుండి వచ్చింది. ఫ్రెంచివారు కాపోదాస్త్ర్ అంటారు. చేతివేళ్ళకు అలవాటయిన భంగిమలను మార్చకుండానే ఆధారషడ్జాన్ని మార్చుకునే ఉపాయమిది.

పొరపాటు కూడా సరిగ్గా ఇక్కడే జరుగుతుంది. గాయకునికి ఏ స్థాయి అనుకూలమనుకుందాం. గిటార్ వాద్యకుడు రెండవ మెట్టుమీద కాపో బిగించి, వేళ్ళతో జి భంగిమలు పట్టుకుంటాడు. ఏ కీ అని అడిగితే వేళ్ళను చూసుకుని "జి" అంటాడు. ఆ మాట నమ్మి జి హార్మోనికా అందుకున్నవాడు మొదటి ఊపిరిలోనే అపశ్రుతి పలికిస్తాడు. చెప్పవలసినది వేళ్ళ పేరు కాదు, వినిపించే స్వరం పేరు. వినిపించేది ఏ గనుక సూటిగా రాగఫణితి వాయించదలచినవాడు ఏ హార్మోనికా తీసుకోవాలి. అమెరికన్ నల్లజాతి సంగీతకారులు ప్రచారంలోకి తెచ్చిన బ్లూస్ పద్ధతిలో, ఊపిరి లోపలికి పీల్చే స్వరాలను ఆధారం చేసుకుని వాయించేవాడయితే డి హార్మోనికా తీసుకోవాలి. ఆ వాద్యానికి పంచమమయిన ఏ అప్పుడు షడ్జమవుతుంది. మన సంగీతంలో మధ్యమశ్రుతి పెట్టుకుని పాడే ఆచారం తెలిసినవారికి ఈ స్థానభ్రంశం వింతగా తోచదు.

ఈ ఏర్పాటులో వరుస ముఖ్యం. మొదట గొంతు, తరువాత హార్మోనికా, చివరకు గిటార్. కదలలేనిది ముందు నిర్ణయం కావాలి; కదలగలిగినది దానికి ఒదగాలి. ఇదే వరుస దక్షిణాది కచేరీలో ఏనాటినుండో ఉంది. వేణు విద్వాంసుడు వేర్వేరు శ్రుతులకు వేర్వేరు పొడవుల పిల్లనగ్రోవులు తెచ్చుకుంటాడు. హార్మోనికాల పెట్టెకు అది ముత్తాత. తగ్గుశ్రుతికొకటి, హెచ్చుశ్రుతికొకటి మృదంగాలు వేరుగా ఉంటాయి. నాదస్వరంలో ఎత్తు శ్రుతి పలికే తిమిరి, తగ్గు శ్రుతి పలికే బారి అన్న భేదం ఉంది, టి.ఎన్. రాజరత్నం పిళ్ళై (1898-1956) పొడవైన బారి నాదస్వరానికి ప్రచారం కల్పించాడు. వయొలిన్ కథ ఇంకా ఆసక్తికరమైనది. ఐరోపాలో దాని నాలుగు తంత్రులను జి, డి, ఏ, ఇ అన్న స్థిరస్వరాలకు బిగిస్తారు. బాలుస్వామి దీక్షితులు (1786-1859) మద్రాసులో ఐరోపా విద్య నేర్చుకుని ఆ వాద్యాన్ని మన సంగీతానికి తెచ్చిన తరువాత, దాని తంత్రులు షడ్జ పంచమ షడ్జ పంచమాలుగా మారాయి. ఆ షడ్జం ఎక్కడ ఉండాలో గాయకుడు నిర్ణయిస్తాడు. గిటార్‌కు కాపో చేసిపెట్టే పనిని వయొలిన్‌కు బిరడాలే చేసిపెట్టాయి. పరాయి వాద్యానికి ఇక్కడ చోటు దొరకడానికి దాని తీయదనం ఎంత కారణమో, ఒదిగే గుణం అంతకంటె పెద్ద కారణమని చెప్పవచ్చు.

ఒదగని వాద్యానికి పట్టిన గతి ఏమిటో హార్మోనియం చరిత్ర చెబుతుంది. హార్మోనికాకూ హార్మోనియానికీ ప్రాణం ఒకటే: గాలికి కంపించే లోహపు రీడు. అలెగ్జాండర్ దెబేన్ పారిస్‌లో 1842లో హార్మోనియానికి పేటెంటు పొందాడు. కాళ్ళతో తొక్కే ఆ వాద్యం మిషనరీల వెంట ఈ దేశానికి వచ్చింది. 19వ శతాబ్ది చివరి భాగంలో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ వంటివారు దానిని నేలమీద కూర్చుని వాయించే చేతిపెట్టెగా మార్చారు. తెలుగునాట పద్యనాటకానికి అది ఊపిరి అయింది. సురభి సమాజాల రంగస్థలాన్ని హార్మోనియం లేకుండా ఊహించడం కష్టం.

పండితులు మాత్రం దానిని అంగీకరించలేదు. 1908 నుండి 1918 వరకు పుదుచ్చేరిలో ప్రవాసజీవితం గడిపిన సుబ్రహ్మణ్య భారతి, సంగీతంపై రాసిన వ్యాసంలో హార్మోనియాన్ని కఠినంగా నిరసించాడు. (అర్థం తెలియకుండా తెలుగు, సంస్కృత కీర్తనలనే పాడే అలవాటునూ ఆయన ఆక్షేపించాడు. తెలుగువారికి ఇది కొంత చేదుగా ఉన్నా ఆ మాటలో న్యాయం లేకపోలేదు.) ఆకాశవాణి 1940 మార్చి 1 నుండి హార్మోనియాన్ని నిషేధించింది. ఠాగూర్ ఆ వాద్యంపై తన వ్యతిరేకతను అదే సంవత్సరం జనవరిలో తెలియజేసి ఉన్నాడు. నిషేధం సుమారు మూడు దశాబ్దాలు కొనసాగి, తరువాత క్రమంగా సడలింది.

ఆరోపణలు రెండు. స్వరం నుండి స్వరానికి జారే గమకం అందులో పలకదు. రెండవది స్థాయిని పన్నెండు సమానభాగాలు చేసిన శ్రుతివిభజన. సహజమైన అంతర గాంధారం షడ్జానికి 386 సెంట్ల దూరంలో ఉండగా, సమవిభజనలో అది 400 సెంట్లకు చేరుతుంది. తంబురా ముందు కూర్చున్న చెవికి ఆ 14 సెంట్ల తేడా బాగా తెలుస్తుంది. ఆరోపణలు సత్యమే. కాని పాటగాడి గొంతును వినకుండా మెట్లమీదనే ఆధారపడిన వాద్యకుల అలవాటును కూడా వాద్యం నెత్తిన వేసి శిక్షించినట్లు కనిపిస్తుంది. గిటార్ మెట్లు కూడా సమవిభజనవే; దానిని ఎవరూ నిషేధించలేదు.

అయితే వెలివేసిన వాద్యం తన కొలబద్దను కచేరీలోనే వదిలివెళ్ళింది. తమిళ సంగీతజ్ఞులు శ్రుతిని "కట్టై" లెక్కలో చెబుతారు. ఆ కట్టై హార్మోనియం మీది మెట్టే. సి ఒకటి, డి రెండు, జి ఐదు, ఏ ఆరు; నల్లమెట్లు ఒకటిన్నర, రెండున్నర, ఐదున్నర. తెలుగువారు ఒకటో శ్రుతి, ఐదో శ్రుతి అన్నా లెక్క అదే. పైన చెప్పిన గిటార్ వాద్యకుని ఏ మన లెక్కలో ఆరు. అతనితో బ్లూస్ వాయించేవాని హార్మోనికా రెండు. పుదుచ్చేరిలో కర్ణాటక సంగీతం అభ్యసించిన గాయకురాలు, గిటార్ మాత్రమే తెలిసిన యువకుడు కలిసి పాడాలంటే ఈ అనువాదం ఒక్కటి చాలు.

లెక్క కుదిరినంతమాత్రాన శ్రుతి కుదరదు. ఏ అన్న స్వరం ఎంత ఎత్తున ఉండాలన్నది కూడా ఒకప్పుడు వివాదమే. ఐరోపా నాట్యశాలల్లో శ్రుతి ఏటికేడాది పెరిగి గాయకుల గొంతులు దెబ్బతింటున్నవని ఫ్రెంచి ప్రభుత్వం ఒక సంఘాన్ని నియమించింది. రోసినీ, బెర్లియోజ్, మెయెర్‌బేర్ అందులో సభ్యులు. 1859లో ప్రభుత్వం ఏ స్వరాన్ని సెకనుకు 435 కంపనాలుగా నిర్ణయించింది. గొంతుల కోసం శ్రుతిని తగ్గిస్తూ ప్రభుత్వోత్తరువు వెలువడటం పరిపాలనా చరిత్రలో అరుదైన ఘట్టం. 1939లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం దానిని 440గా సిఫారసు చేసింది. నేటి హార్మోనికాలను తయారీదారులు తరచు అంతకంటె రెండు మూడు కంపనాలు హెచ్చుగా శ్రుతి చేస్తారు. గట్టిగా ఊదినప్పుడు రీడు స్వరం కొంత దిగుతుంది గనుక.

ఇక కాపో బిగింపు ఎక్కువైతే తంత్రులు సాగి స్వరం హెచ్చుతుంది. అందుచేత కాపో పెట్టిన తరువాత గిటార్‌ను మళ్ళీ శ్రుతి చేసుకోవాలి. అదీ యంత్రాన్ని చూసి కాదు, పక్కనున్నవాడు హార్మోనికామీద మెల్లగా ఊదిన స్వరాన్ని విని. ఆ క్షణంలో బిరడా తిప్పవలసినది గిటార్ వాద్యకుడే. రెండవవాని చేతిలోని రీడును వేదికమీద తిప్పడానికి ఏ బిరడా లేదు.