పెన్న ఒడ్డున ఒట్టిపోయిన బావులు

అనంతపురం జిల్లా పామిడిని ఆనుకుని పెన్న పారుతుంది. పారుతుందనడం మర్యాద కోసం. ఏడాదిలో ఎక్కువ రోజులు అక్కడ కనిపించేది ఇసుకే. అయితే ఒకప్పుడు అది వట్టి ఇసుక కాదు. చెలమ తీస్తే నీళ్లూరేవి. పెన్న పొడవునా ఊటకాలువలు తవ్వి ఆ నీటిని మళ్లకు పారించుకున్న సీమ ఇది. ఏటికి ఎడంగా ఉన్నవాళ్లకు కపిల బావులుండేవి. ఎద్దులు లాగినంతే నీరు. అవి అలిసి నిలబడితే బావి ఊరేది. ఎద్దుల అలుపే బావికి కాపలా.

ఈ నేల అడుగున ఉన్నది గ్రానైటు, నైస్ రాయి. నీళ్లు నిలిచేది పైనున్న చివికిన పొరలో, దాని కింద బండ నెరియల్లో. ఉమ్మడి జిల్లాలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అందులో పదోవంతు లోపలికి ఇంకితే గొప్ప.

కపిల పోయి ఆయిలింజను వచ్చింది, ఆపైన కరెంటు మోటారు. రిగ్గు బండి దిగాక బావుల పని అయిపోయింది. నీళ్లు తగ్గిన బావి అడుగునే బోర్లు వేశారు. అవీ ఒట్టిపోతే గట్టు మీద వేశారు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచే మనిషి పాయింటు చూపించేవాడు. నెరియ తగిలితే నీళ్లు, లేకుంటే తెల్లటి దుమ్ము. “ఇంగో యాభై అడుగులు ఏద్దామా అన్నా?” అని రిగ్గు మనిషి అడిగితే, అప్పటికే అప్పు చేసిన రైతు వద్దని ఎట్లా అంటాడు? ఊటకాలువ పదిమందిది. బోరు ఒక్కడిది. కింది నీళ్లు మాత్రం ఎవరికి వారికి పంచి లేవు. పక్క చేలో బోరు ఇంకా లోతుకు దిగితే ఈ బోరు ఎండేది.

కొత్త బోర్లకు కళ్లెం వేయడానికి 2002లో వాల్టా చట్టం వచ్చింది. 2004లో ఉచిత కరెంటు వచ్చింది. అది రైతుకు ఊపిరి పోసిన మాట నిజం. ఆటో స్టార్టరు బిగించిన మోటారు, కరెంటు వచ్చినప్పుడల్లా తనంతట తానే తోడిపోసిన మాటా నిజమే. చట్టం కాగితం మీద ఉంది, స్విచ్చు చేతిలో ఉంది.

చీనీ (బత్తాయి) తోటల గతే మరీ ఘోరం. వానలేక వేరుశనగ పోతే ఆ ఏటి పంటే పోతుంది. చీనీ చెట్టు కాపుకు రావడానికే నాలుగైదేళ్లు పడుతుంది. బోర్లు ఎండిన వేసవుల్లో ట్యాంకర్లతో నీళ్లు కొని పోశారు. అప్పటికీ నిలవని తోటలను నరికి కట్టెలకు అమ్ముకున్నారు. వానను తిట్టడం మనకు అలవాటు గానీ, ఇది ఎప్పుడూ వాన తక్కువ సీమే. కొత్తగా వచ్చింది తోడే బలం.

2021 నవంబరులో పెన్నకు వరద వచ్చింది. జిల్లాలో ఎండిన బోర్లు కొన్ని మళ్లీ నీళ్లు పోశాయి. అందులో మాయేమీ లేదు, పై పొర తడిస్తే నెరియ నిండుతుంది. అయితే అమ్మేసిన ఎద్దులు, పూడిపోయిన బావులు, బెంగళూరుకు కూలికి పోయిన సంసారాలు, ఊటకాలువలో పూడిక తీయడానికి పారలు పట్టుకుని కలిసి కదిలే మనుషులు ఆ వరదతో తిరిగి రాలేదు.