ఆసుపత్రి మంచం పక్కన సువార్త చెప్పొచ్చా? అమెరికాలో 1932 నాటి గొడవ

మా అమ్మమ్మ పుట్టింది మిషన్ ఆసుపత్రిలో. మందు ఇచ్చే ముందు దొరసానమ్మ ప్రార్థన చేసేదని వాళ్లమ్మ చెప్పేదట. "ప్రార్థన వద్దంటే మందు ఇచ్చేది కాదా అమ్మమ్మా?" అని చిన్నప్పుడు అడిగాను. నవ్వి ఊరుకుంది. దాదాపు ఇదే ప్రశ్న మీద అమెరికాలో ప్రెస్బిటేరియన్ చర్చి రెండుగా చీలిందని చాలా ఏళ్ల తర్వాత చదివాను.

మొదలు ఇక్కడ. ఏడు ప్రొటెస్టెంట్ సంఘాల సభ్యులు కొందరు చొరవ తీసుకుని, రాక్‌ఫెల్లర్ జూనియర్ డబ్బుతో, విదేశీ మిషన్ల మీద ఒక విచారణ పెట్టించారు. హార్వర్డ్ ఫిలాసఫీ ప్రొఫెసర్ విలియం హాకింగ్ దానికి పెద్ద. ఆ బృందం చైనా, జపాన్, బర్మాతో పాటు మన దేశానికీ వచ్చింది. 1932లో రిపోర్టు బయటికొచ్చింది. బడినీ ఆసుపత్రినీ మతం మార్చడానికి ఎరగా వాడొద్దు, వేరే మతాల వాళ్లతో కలిసి పనిచేయండి అని దాని సారం.

దీన్ని గట్టిగా మెచ్చుకున్నది పెర్ల్ బక్. 'ది గుడ్ ఎర్త్' నవలకి ఆ ఏడాదే పులిట్జర్ అందుకున్నావిడ. మిషనరీల కూతురు, తనూ మిషనరీ, పెరిగిందంతా చైనాలో. నవంబరు 2న న్యూయార్క్ ఆస్టర్ హోటల్లో ప్రెస్బిటేరియన్ మహిళల ముందు నిలబడి, తాను చూసిన మిషనరీల్లో అహంకారం ఎంతో, వెళ్లిన చోటి జనం గురించి తెలియనితనం ఎంతో మొహం మీదే చెప్పేసింది. మిషన్లు మూసేయమని మాత్రం అనలేదు, గమనించండి. సరైన మనుషుల్ని పంపమంది.

ఫిలడెల్ఫియాలో గ్రెషమ్ మేచెన్ అనే పండితుడు మండిపడ్డాడు. మూర్ఖుడేం కాదు. ఆయన వాదన నిజాయితీ గురించి: క్రీస్తును ప్రకటించడానికని జనం దగ్గర చందా తీసుకుని, వేరే పనికి వాడితే అది మోసం కాదా? 1933లో పెర్ల్ బక్ రాజీనామా ఇస్తే మిషన్ బోర్డు విచారం చెబుతూ ఒప్పుకుంది. అదే ఏడాది మేచెన్ పోటీ బోర్డు పెట్టాడు. అందులోంచి తప్పుకోమని 1934లో జనరల్ అసెంబ్లీ ఆజ్ఞ. వినలేదు. 1935లో చర్చి కోర్టు ఎక్కించారు.

నన్ను పట్టేసింది ఈ కోర్టే. బోర్డు బోధ తప్పా ఒప్పా అన్న వాదన మేం వినం అన్నారు. ఆజ్ఞ మీరావా లేదా, అంతే! నా మనసు పెర్ల్ బక్ వైపే, దాచను. అయినా మనిషి అడిగినదానికి జవాబు చెప్పకుండా శిక్ష వేస్తే ఎలాగండీ?

1936లో మేచెన్ తనవాళ్లతో కొత్త చర్చి పెట్టాడు. 1937 జనవరి 1న న్యుమోనియాతో పోయాడు. పెర్ల్ బక్ 1936లోనే 'ఫైటింగ్ ఏంజెల్' అనే పుస్తకం తెచ్చింది. చైనాలో సువార్త చెబుతూ చెబుతూ అక్కడే కన్నుమూసిన తన తండ్రి కథ అది. అచ్చం మేచెన్ మెచ్చే రకం మిషనరీ ఆయన.