భూకంపకారణ విచారము

భూమి యేల కంపించునను ప్రశ్న క్రొత్తది కాదు. క్రీస్తుశకము 6వ శతాబ్దివాడగు వరాహమిహిరుడు బృహత్సంహితలో పూర్వుల మతములను నాలుగింటిని పేర్కొనెను. జలమధ్యమున వసించు మహాసత్త్వములు దీనికి కారణమని కొందఱు. భూభారముచే నలసిన దిగ్గజముల విశ్రాంతియని కొందఱు. వాయువు వాయువును దాకి నేలపై బడుటయని కొందఱు. అదృష్టము, అనగా కంటికి గానరాని కర్మఫలమని మఱికొందఱు. మొదటి మూడును నేడు కథలైనవి. నాలుగవది మాత్రము మన యిండ్లలో నింకను జీవించియున్నది.

1934 జనవరి 15వ తేదీన బిహారు, నేపాళములను గూల్చిన భూకంపమున 10,000 మందికి పైగా మరణించిరి. అది యస్పృశ్యతాపాపమునకు దైవ మొసగిన దండన యని గాంధీ మహాత్ముడు పలికెను. అస్పృశ్యతను దానును నిరసించువాడే యైనను, రవీంద్రనాథ ఠాకూరు ఆ మాటకు సమ్మతింపక, ప్రకృతిలోని యుత్పాతమునకు బ్రకృతియందే కారణము వెదకవలెనని వ్రాసెను. ఆ ఖండనమును గాంధీ తన హరిజన పత్రికయందే ప్రకటించెను. ఇరువురును పూజ్యులే, ఈ విషయమున మాత్రము మేము ఠాకూరు పక్షము వారము.

ప్రకృతిలోని యా కారణమును వెదకినవారు లేకపోలేదు. 1897 జూన్ 12వ తేదీన అస్సామున గలిగిన మహాకంపమును భారత భూగర్భ పరిశోధనశాఖలోని ఓల్డ్‌హామ్ పరిశీలించెను. దాని తరంగములు భూమిని దాటి ఐరోపాలోని యంత్రములకు సైతము చేరినవి. వానిలో మూడు తెగలు గలవని యాతడు గుర్తించెను. తరంగముల నడకనుబట్టియే భూమధ్యమున వేఱొక గర్భము గలదని 1906లో నిదర్శనము చూపెను. ఆ యేటనే శాన్‌ఫ్రాన్సిస్కోలో నేల చీలెను. దానిని విచారించిన రీడ్ పండితుడు 1910లో చెప్పిన దిది: ఇరుప్రక్కల యొత్తిడికి శిలలు వింటిబద్దవలె వంగి శక్తిని గూడబెట్టును, ఓర్వలేని స్థితి రాగానే పగులువెంట జాఱి వంపు వీడును. ఆ జాఱుటచే బుట్టిన యదురే భూకంపము.

ఆ యొత్తిడి యెక్కడిదో 1960 తరువాతి దశాబ్దిలో స్పష్టమైనది. భూమి పైపెంకు పెద్ద పలకలుగా విడివడి మెల్లగా గదలుచున్నది. కంపములలో బెక్కులు వాని యంచులయందే, 70 కిలోమీటర్ల లోతులోపల పుట్టును. కొన్ని మాత్రము 700 కిలోమీటర్ల దాక బోవును. మన దేశమును మోయు పలక హిమాలయముల క్రింద నేటికి సుమారు 2 సెంటీమీటర్లు చొచ్చుకొనిపోవుచున్నది. ఒక శతాబ్దికి రెండు మీటర్లు! ఆ బిగువే 1934లో దెగినది; 2015 ఏప్రిల్ 25వ తేదీన నేపాళమున మఱల దెగినది. పలకల నడిభాగమును నిర్భయము కాదు; ప్రాచీనపు బగుళ్లు గల గోదావరీలోయలో 1969లో భద్రాచల ప్రాంతము కంపించెను.

అస్పృశ్యత యన్యాయము గనుకనే త్యాజ్యము. దానికి భూకంపపు సాక్ష్యము వలదు. 2015లో మరణించిన సుమారు 9,000 మందిలో ననేకులు మట్టితో గట్టిన రాతి, యిటుకగోడల క్రింద బడినవారు. వారు చేసిన పాప మేమని యడుగుట వారి కపచారము. ఇల్లు గట్టునప్పుడు గోడకు గోడను బంధించితిమా, పిల్లలు చదువు బడికప్పు అదురునకు నిలుచునా యని యడుగుటయే గృహస్థధర్మము.