అభయమే మూలధనము

ధనము భయమున్నచోట నిలువదు. ఈ సత్యము పాతరలో కాసులు దాచుకొనిన ముసలమ్మయు నెఱుగును. వర్తకము పెరుగుటకు రేవులు, బాటలు, యంత్రములు వలయును. వానికంటె ముందు మాట నిలుపుకొను ప్రభుత్వము వలయును. ఇందుకు చరిత్రలో రెండు తార్కాణములు కలవు. ఒకటి తెలుగుతీరమున జరిగినది. రెండవది యావద్భారతమునకు చెందినది.

బాపట్ల జిల్లా సముద్రతీరమున నున్న మోటుపల్లి కాకతీయుల కాలమున గొప్ప రేవుపట్టణము. పూర్వరాజులు తుఫానుచే దరిజేరి పగిలిన ఓడలలోని బంగారము, రత్నములు, ఏనుగులు, గుఱ్ఱములు మున్నగువానిని బలాత్కారముగా గైకొనుచుండిరి. గాలి మిగిల్చినదానిని రాజు హరించుచుండెను. కాకతి గణపతిదేవ చక్రవర్తి క్రీ.శ. 1244-45లో ఈ దురాచారమును మాన్పి, నిర్ణీత సుంకము దక్క మఱేమియు గైకొనబోమని శిలాశాసనము వేయించెను. సుంకము ముప్పదింట నొక వంతు. నూఱు మాడల సరకునకు మూడు మాడల పైచిలుకు చెల్లింపవలెనని ముందే తెలిసిన వర్తకుడు లాభనష్టములు లెక్కించుకొనగలడు. ఎప్పుడేమి పోవునో తెలియనివాడు ఓడయే యెక్కడు.

1323లో కాకతీయ సామ్రాజ్యము కూలెను. 1358లో కొండవీటి అనపోతారెడ్డి అచ్చటనే మరల శాసనము వేయించి, స్థిరపడ వచ్చు వర్తకులకు భూమి నిత్తుమనియు, పోదలచినచో నిరోధింపమనియు, సంతానహీనుల సొత్తు గైకొనమనియు మాట యిచ్చెను. రాయి నిలిచియున్నను, మాట ఇచ్చిన ప్రభువులు పోయినపిదప ఆ మాటను మరల చెప్పవలసి వచ్చెను.

ఇక రెండవ తార్కాణము. స్వతంత్ర భారతమున పరిశ్రమ పెట్టదలచినవాడు లైసెన్సుకై చిరకాలము నిరీక్షింపవలసి యుండెను. ఇది ఓడదోపిడి కాదు. అయినను రేపేమగునో తెలియమి యచ్చటను ఇచ్చటను ఒక్కటియే. 1991 నడుమ నాటికి విదేశీ మారకద్రవ్యము కొలది వారముల దిగుమతులకు మాత్రమే చాలునట్లుండెను. ఇల్లాలి మెడలోని నగ తాకట్టుపెట్టినట్లు, ఆ జూలైలో దాదాపు 47 టన్నుల బంగారమును పరదేశపు బ్యాంకుల కడ కుదువపెట్టి అప్పు తేవలసి వచ్చెను. అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావుగారు ఓరుగల్లు సీమయందలి లక్నేపల్లిలో జన్మించినవారు. ఆర్థికమంత్రి మన్మోహన్ సింగుగారు. జూలై 24న వెలువడిన పారిశ్రామిక విధానము 18 పరిశ్రమలకు దక్క లైసెన్సును తొలగించెను. ముఖ్యపరిశ్రమలలో విదేశీయులకు 51 శాతము వఱకు వాటా నొసగెను. 1991లో దాదాపు 120 కోట్ల డాలర్లకు దిగజారిన మారకద్రవ్యనిధి 2021లో 60,000 కోట్లు దాటెను.

అయితే జమ పెరిగినంతమాత్రమున లెక్క ముగియదు. అది ఎవరి పేర జమయైనదో చూడవలయును. మోటుపల్లి శాసనము ఓడవర్తకునకు అభయ మిచ్చినది. ఆ ఓడకెక్కిన వస్త్రమును నేసినవాని మాట అందు లేదు. 1997-98లో అదే ఓరుగల్లు సీమయందు పురుగుతాకిడికి పైరు పోయి, అప్పుల పాలైన పత్తిరైతులు పెక్కుమంది ప్రాణములు తీసికొనిరి. పెట్టుబడికి దొరికిన అభయము నాగలికి దొరకలేదు.

మోటుపల్లి శిల నేటికిని కలదు. చదువనేర్చిన యువకు లొకమారు పోయి చూడదగును. అందలి మాట ఓడవానికే గాక, పొలమున నున్నవానికిని, మగ్గము కడ నున్నవానికిని వర్తించిననాడు వృద్ధి యను పదము సార్థకమగును.