గోడ లోపలి బి.ఏ.

అమ్మాయి బి.ఏ.లో చేరతానంటే, "అయ్యో, ఇంజనీరింగు సీటు రాలేదా?" అంటున్నారు ఈ రోజుల్లో. మా అమ్మల తరంలో ప్రశ్నే వేరండీ. ఏ గ్రూపు అని కాదు, ఏ కాలేజీ అని అడిగేవారు. సిస్టర్ల కాలేజీ అంటే చాలు, నాన్నగారు ఫారం మీద సంతకం పెట్టేసేవారు. ఎత్తయిన గోడ, గేటు దగ్గర వాచ్‌మన్, వేళకి హాస్టల్లో దీపాలార్పించే సిస్టరు: ఇవీ ఆయన ధైర్యాలు!

ఆ ధైర్యానికి చరిత్ర ఉంది. మంగుళూరులో కార్మెల్ సిస్టర్ల సెయింట్ ఆగ్నెస్ కాలేజీ 1921 నాటిది. సరిగ్గా స్వాతంత్ర్యం వచ్చిన రోజే, 1947 ఆగస్టు 15న, మద్రాసు శాంథోంలో 32 మంది అమ్మాయిలతో స్టెల్లా మారిస్ మొదలైంది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన 1953లోనే ఏలూరుకి సెయింట్ థెరిసా కాలేజీ వచ్చింది. 1962లో స్టెల్లా మారిస్ వారి ఫ్రాన్సిస్కన్ సిస్టర్లే విజయవాడలో మారిస్ స్టెల్లా పెట్టారు. పేరు తిరగేసినా అర్థం ఒక్కటే, సముద్రతార. మేరీమాత బిరుదది.

నాన్నగారు గోడ చూసి పంపారు. గోడ లోపల ఏముందో చూసింది మాత్రం కూతురే. హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్... పెళ్లి కుదిరేదాకా కాలక్షేపమేగా అనుకున్నారు కనక, ఆ పుస్తకాల్లో ఏముందని ఎవరూ అడగలేదు. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చిందని క్లాసులో విన్న పిల్ల, తన పెళ్లిచూపుల నాడు "మరి కట్నమెందుకు?" అంటే ఇంటిల్లిపాదీ తెల్లబోరూ!

బి.ఏ. చేసిన పని అదేనని నేననుకుంటాను. ఆనాడు మిగిలిన చదువని ఇచ్చారు. ఇవాళ మీ అమ్మాయి అదే చదువు కావాలని కోరి అడుగుతోంది. జాలిపడకండి, సంతకం పెట్టండి.