పంతుళ్లు బడి ఎందుకు వదిలారు?

ఉపాధ్యాయ వృత్తి పవిత్రమైనదని సన్మాన సభలలో అందరూ అంటారు. అయినా మరో కొలువు దొరికినప్పుడు ప్రతి తరంలోనూ కొందరు బడి వదిలి వెళ్లారు. పిల్లలపై మమకారం లేక వెళ్లారనడం న్యాయం కాదు.

నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1959 నవంబరు 1 నుండి పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు అమలులోకి వచ్చాయి. ప్రాథమిక పాఠశాలలు సమితులకు, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తులకు చేరాయి. సమితి పంతులుగారి పాట్లు మన సభ్యులలో చాలామందికి స్వానుభవమే. జీతం ఏ తేదీకి అందుతుందో తెలియదు. స్థానిక నాయకుడికి కోపం వస్తే బదిలీ. ఒక్క పంతులే అయిదు తరగతులు చెప్పాలి. ఆపైన జనాభా లెక్కలు, ఎన్నికల విధులు.

1964లో ఏర్పడిన కొఠారీ కమిషన్ 1966లో నివేదిక ఇచ్చింది. సర్కారు బడి అయినా, స్థానిక సంస్థల బడి అయినా, ఎయిడెడ్ బడి అయినా పంతుళ్లకు జీతభత్యాలలో, పదవీ విరమణ సౌకర్యాలలో తేడా ఉండరాదని సిఫారసు చేసింది. సమర్థులు ఈ వృత్తిలోకి రావాలన్నా, వచ్చినవారు నిలవాలన్నా అదే మార్గమని దాని ఉద్దేశం.

ఇంతలో 1969 జూలైలో 14 బ్యాంకులు జాతీయమయ్యాయి. ఊరూరా శాఖలు వెలిశాయి. డిగ్రీ ఉన్న యువ ఉపాధ్యాయునికి ఒకటో తారీఖు జీతం, పట్నంలో కాపురం, పిల్లలకు మంచి చదువు కనిపించాయి. వెళ్లినవారిని తప్పుపట్టలేము.

మరి మిగిలినవారిని నిలిపినదేమిటి? వృత్తిపై ప్రేమతోపాటు, వృద్ధాప్యంలో ఒకరి ముందు చేయి చాచనక్కరలేదనే ధీమా. పెన్షన్ దయాభిక్ష కాదు, హక్కు అని సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17న నకారా కేసులో చెప్పింది కూడా ఆ ధీమా గురించే.

తర్వాత ఆ ధీమా సడలింది. 1980లలో స్పెషల్ టీచర్లను నెలకు 398 రూపాయల స్థిర వేతనంపై తీసుకున్నారు. ఆ తర్వాత విద్యా వాలంటీర్లు, అప్రెంటిస్ టీచర్లు వచ్చారు. 2004 సెప్టెంబరు 1 నుండి చేరినవారిని కాంట్రిబ్యూటరీ పెన్షన్ పథకంలో చేర్చారు. ఇది ఇతర శాఖల ఉద్యోగులకూ వర్తించింది. కనుక బడి వదిలితే పెన్షన్ పోతుందనే బెంగ వారికి లేదు. జీతం, ఊరు, ప్రమోషన్ మాత్రమే బేరీజు వేసుకుంటారు. గ్రూప్స్ పరీక్షకు చదివే పంతులమ్మను చూసి సేవాభావం తగ్గిందని నిందించే ముందు, మనల్ని నిలిపిన ఆధారం ఆమెకు ఉన్నదా అని ఆలోచించాలి.