ఎన్ని వరుసల దారి? గీతలే చెబుతాయి

ఎదురెదురుగా రెండు లారీలు వస్తున్నా మధ్యనుంచి కారు దూసుకుపోవచ్చుననిపించేంత వెడల్పాటి తారురోడ్డు అది. నిజానికి అది రెండు వరుసల రహదారి మాత్రమే. అంచునున్న తెల్లగీతకు అవతలి భాగాన్ని కూడా వరుసగా లెక్కించడం వల్లనే వాహనచోదకులు పొరబడుతున్నారు. ఈ పొరపాటుకు మూల్యం ప్రాణాలే.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం రెండు వరుసల దారి వెడల్పు 7 మీటర్లు, అంటే వరుసకు మూడున్నర మీటర్లు. గ్రామాలకు వెళ్లే ఒంటివరుస రోడ్డు సాధారణంగా 3.75 మీటర్లు ఉంటుంది. అక్కడ ఎదురుగా బస్సు వస్తే చక్రం మట్టిలోకి దించక తప్పదు. ఈ రెంటికీ మధ్యస్థంగా 5.5 మీటర్ల రోడ్లూ ఉన్నాయి.

చిక్కంతా 10 మీటర్ల దారితోనే. ఇందులో వరుసలు రెండే. మిగిలినవి ఇరువైపులా మీటరున్నర చొప్పున తారువేసిన బెర్ములు. చెడిపోయి ఆగిన లారీ, సైకిలు, ఎడ్లబండి ఉండేది అక్కడే. కోతల కాలంలో రైతులు ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి, రాత్రివేళ నల్లని పట్టా కప్పేదీ అక్కడే. ఆరబోత తగదు, నిజమే. కానీ కల్లాలు లేని రైతుకు మరో చోటు దొరకడమూ కష్టమే. బెర్మును వరుసగా భావించి వేగంగా వచ్చిన ద్విచక్రవాహనదారుడికి ఆ రాళ్లు చివరి క్షణం వరకూ కనిపించవు.

ఇక నడిమి గీత. అది తెగుతూ సాగితే, ఎదురు దారి ఖాళీగా ఉన్నప్పుడు ముందు వాహనాన్ని దాటవచ్చు. తెగకుండా సాగితే దాటరాదు. మలుపులు, మిట్టల వద్ద రెండు గీతలు జంటగా కనిపిస్తాయి. అప్పుడు తమ వైపునున్న గీతనే చూడాలి. అది తెగి ఉన్నవారికే దాటే వీలు.

విభాగిని ఉన్న నాలుగు వరుసల దారిలో ఒక్కోవైపు రెండేసి వరుసలు. హైదరాబాద్-విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి 2012లో ఇలా విస్తరించినదే. ఎడమ వరుస ప్రయాణానికి, కుడి వరుస ఇతరులను దాటడానికి. బరువు లారీలు కుడి వరుసనే పట్టుకుని నింపాదిగా సాగడంతో కార్లు ఎడమనుంచి దూరుతున్నాయి. వరుస మారేముందు సంకేతం ఇవ్వాలని 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలు చెబుతున్నాయి. ఈ నిబంధనలను ఉల్లంఘిస్తే రూ.500 నుంచి రూ.1,000 వరకు జరిమానా విధించేలా 2019లో చట్టాన్ని సవరించారు.

గీతల రంగులో కలిపే సన్నని గాజుపూసల వల్లనే అవి రాత్రి దీపాల వెలుగుకు మెరుస్తాయి. పూసలు రాలిపోయినా, పైన కొత్త తారుపొర పడినా ఆ మెరుపు ఉండదు. గీతలు కనిపించని చోట విభాగిని లేకుంటే, రోడ్డు ఎంత వెడల్పుగా ఉన్నా రాకకొకటి, పోకకొకటిగా రెండే వరుసలనుకుని నడపడం క్షేమం.